చెరసాలలో వినబడిన స్వరము
(ఎలిజబెత్ ఫ్రై జీవితము)

ధ్యాన భాగములు: అపొ. కార్యములు 16:25–34, మత్తయి 25:31–46



ఫిలిప్పీ చెరసాల సంగతి మనమందరము బాల్యమునుండి వినినదే. భూకంపము కలిగెను, తలుపులు తెరువబడెను, సంకెళ్లు ఊడెను, చెరసాల నాయకుడు ఇంటివారందరితో బాప్తిస్మము పొందెను. ప్రసంగములలో మనము ఈ గొప్ప కార్యములనే చెప్పుచుందుము. అయితే వీటి నడుమ ఒక చిన్న సంగతి యున్నది. ఖైదీలు పారిపోయిరని తలంచి ఆ నాయకుడు కత్తి దూసి తన్ను తానే చంపుకొనబోయెను. అప్పుడు పౌలు లోపలినుండి కేక వేసి, తామందరు అక్కడనే యున్నారని తెలిపి, అతనిని ఆపెను. తలుపులను తెరచినది భూకంపమే. ఆ మనుష్యుని ప్రాణమును నిలిపినది మాత్రము సమయమునకు వినబడిన ఒక స్వరము.

చెరసాలలో ఆశ విడిచిన వారికి అట్టి స్వరముగా నిలిచిన ఒక స్త్రీ జీవితమును ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాను.

ఎలిజబెత్ 1780వ సంవత్సరము మే నెల 21వ తేదీన ఇంగ్లాండు దేశములోని నార్విచ్ పట్టణమందు జన్మించెను. తండ్రి జాన్ గర్నీ ధనవంతుడు. వారిది క్వేకరుల కుటుంబము. పన్నెండవ యేట ఆమె తల్లిని కోల్పోయెను. ఆమె చిన్ననాట మిక్కిలి పిరికిది, తరచు జబ్బుపడునది. చీకటి యన్న ఆమెకు చెప్పలేనంత భయము. ఇట్టి పిల్లను దేవుడు తరువాత ఎట్టి చీకటి స్థలములకు పంపెనో చూడుడి.

1798లో విలియం సేవరీ అను అమెరికా బోధకుని ప్రసంగము విని, పదునేడేండ్ల ఎలిజబెత్ మనస్సు ప్రభువు తట్టు తిరిగెను. వేడుకలను, రంగు దుస్తులను క్రమముగా విడిచి, ఊరి బీదపిల్లలను చేరదీసి చదువు చెప్పసాగెను. 1800లో జోసెఫ్ ఫ్రై అను వర్తకుని వివాహమాడెను. వారికి పదునొకండుగురు బిడ్డలు కలిగిరి. ఇంటి పనిలో మునిగిన తల్లికి సేవ చేయుటకు తీరిక యెక్కడిదని మనము అనుకొందుము. ఆమెయు అట్లే అనుకొని బాధపడుచుండెను.

1813వ సంవత్సరపు చలికాలమున స్టీఫెన్ గ్రెలెట్ అను బోధకుడు లండనులోని న్యూగేట్ చెరసాలను చూచి వచ్చి, అచ్చట పసిబిడ్డలు కప్పుకొనుటకు బట్టలు లేక నేలమీద పడియున్నారని ఆమెకు చెప్పెను. ఆమె వెంటనే కొందరు స్త్రీలను కూర్చి పిల్లల బట్టలు కుట్టించి, అన్నా బక్స్టన్ అను స్నేహితురాలితో కలిసి న్యూగేట్‌కు వెళ్లెను. లోపలికి పోవద్దని అధికారులు వారించిరి. దాదాపు 300 మంది స్త్రీలు, వారి పిల్లలు కొద్ది గదులలో క్రిక్కిరిసియుండిరి. తీర్పు పొందినవారు, విచారణకు ఎదురు చూచువారు, దొంగతనము చేసిన బాలికలు, ఉరిశిక్ష పడినవారు – అందరును ఒక్కచోటనే. వంటయు అక్కడనే, నిద్రయు అక్కడనే. ఆమె బట్టలు పంచి, రోగులకు గడ్డి పరపించి, వారితోకూడ మోకరించి ప్రార్థించెను.

తరువాత దాదాపు నాలుగేండ్లు ఆ పని ముందుకు సాగలేదు. కాన్పులు, అనారోగ్యము, డబ్బు చిక్కులు ఆమెను ఇంటిలో కట్టివేసెను. 1815లో ఆమె చిన్న కూతురు మరణించెను. ఆ దుఃఖము ఆమె హృదయమును మెత్తపరచెను. 1816 చివర ఆమె మరల న్యూగేట్‌లో అడుగు పెట్టినప్పుడు మొదట తల్లులకు నీతి బోధింపలేదు. వారి బిడ్డల కొరకు ఏమి చేయుదమని వారినే అడిగెను. ఖైదీలు తమలోనుండి మేరీ కానర్ అను యువతిని ఉపాధ్యాయినిగా ఏర్పరచుకొనిరి. గడియారము దొంగిలించి చెరలో పడినది ఆమె. ఆ చెరసాల బడికి మొదటి పంతులమ్మ ఆమెయే.

1817 ఏప్రిల్‌లో పండ్రెండుగురు స్త్రీలతో ఒక సంఘము ఏర్పడెను. ఎలిజబెత్ కొన్ని నియమములు వ్రాసి, ఒక్కొక్కటి ఖైదీలకు చదివి వినిపించి, చేతులెత్తించి వారి సమ్మతి తీసికొనెను. పండ్రెండుగురికి మించకుండ గుంపులు చేసి, ప్రతి గుంపునకు ఖైదీలలోనుండియే ఒకతెను పెద్దగా ఉంచెను. కుట్టుపని, చదువు, దినదినము వేదపఠనము మొదలాయెను. కొద్ది నెలలలోనే చూడవచ్చిన అధికారులు ఆశ్చర్యపడిరి. 1818లో పార్లమెంటు కమిటీ ఆమెను పిలిచి సాక్ష్యము తీసికొనెను.

ఆ యేడే ఆమె తన తమ్ముడైన జోసెఫ్ జాన్ గర్నీతో కలిసి ఉత్తర ఇంగ్లాండు, స్కాట్లాండు చెరసాలలను చూడబోయెను. అక్కడ కింగ్‌హార్న్ అను ఊరిలో తెలిసిన సంగతి మన హృదయములను కోయవలెను. మతి చెడిన ఒక యౌవనస్థుడు – భూస్వాముల బిడ్డ – ఆరు సంవత్సరములు ఒంటరి గదిలో ఉంచబడి, తుదకు తన ప్రాణము తానే తీసికొనెను. అతనికి కావలసినది వైద్యుడు, దొరకినది తాళము. వారు చూచిన సంగతులను 1819లో గర్నీ గ్రంథముగా ప్రకటించెను.

ఎలిజబెత్ అన్నిట జయము పొందలేదు. దొంగనోట్ల నేరముపై ఉరిశిక్ష పడిన హారియెట్ స్కెల్టన్ అను యువతి కొరకు 1818లో మంత్రుల యొద్దకు తిరిగి బ్రతిమాలెను, ఉరి ఆగలేదు. అయినను ఆమె మానలేదు. ఆస్ట్రేలియాకు పంపబడు స్త్రీఖైదీలు తెరచిన బండ్లలో జనుల యెగతాళి నడుమ పోకుండ మూసిన బండ్లు ఏర్పాటు చేయించెను. ఓడ యెక్కువారికి వేదగ్రంథము, సూదిదారములు, అతుకుబొంతకు గుడ్డముక్కలు ఇచ్చి పంపెను. సముద్రముమీద గడచు నెలలలో చేతికి పనియు మనస్సుకు ఆశయు ఉండవలెనని ఆమె తలంచెను. 1823 జైళ్ల చట్టములో స్త్రీఖైదీలపై స్త్రీలే కావలి ఉండవలెనను నియమము చేరెను.

1828లో భర్త బ్యాంకు దివాలా తీసెను. ఫ్రెండ్స్ సమాజమువారు ఆయనను సభ్యత్వమునుండి తొలగించిరి. లోకము ఆమెను వ్రేలు చూపి నిందించెను. ఆమె సిగ్గుతో కొంతకాలము తల వంచుకొనెను గాని, ఖైదీలను విడువలేదు.

ఆ దినములలో ఒక క్రొత్త పద్ధతి బలపడుచుండెను. ప్రతి ఖైదీని రాత్రింబగళ్లు ఒంటరి గదిలో ఉంచినయెడల పశ్చాత్తాపము కలుగునని పలువురు పెద్దలు, భక్తిపరులు సహా, నమ్మిరి. ఎలిజబెత్ దీనిని ఎదిరించెను. రాత్రి వేరుగా పండుకొనుట మేలే. పగలు మాత్రము మనుష్యునికి మనుష్యుని ముఖము, పని, వెలుతురు ఉండవలెననియు, లేనిచో మనస్సు చెడిపోవుననియు ఆమె అభిప్రాయము. చీకటి గదులు కట్టవద్దని అధికారులను వేడుకొనెను. చిన్ననాట చీకటికి వణకిన ఆమెకు ఆ గదిలోనివాని రాత్రి యెట్టిదో తెలియును. 1845 అక్టోబరు 12వ తేదీన ఆమె ప్రభువునందు నిద్రించెను.

ఇది పరదేశపు పాత కథ యనుకొనవద్దు. ఆమెకు పదునారేండ్లున్న 1796లోనే మన సంగారెడ్డిలో జైలు కట్టబడెను. 2016లో దానిని మ్యూజియము చేసిరి. రుసుము చెల్లించినవారికి ఒక దినము ఖైదీవలె ఉండి చూచు ఏర్పాటును కూడ చేసిరి. తెల్లవారిన తరువాత ఇంటికి పోవుదుమని తెలిసినవానికి అది వినోదము. తెలియనివానికి?

మన దేశపు జైళ్లలో 2017 మొదలు 2021 వరకు కలిగిన అసహజ మరణములు 817 అనియు, వాటిలో 660 ఆత్మహత్యలనియు సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ అమితవ రాయ్ కమిటీ తెలిపెను. గదులలోని అమరికలను ప్రాణహానికి తావియ్యని విధముగా మార్చి కట్టవలెనని సిఫారసు చేసెను. జాతీయ మానవ హక్కుల కమిషను కూడ 2023లో రాష్ట్రములకు సలహాలు పంపెను: గదులను తనిఖీ చేయుట, ఇంటివారితో ఫోనులో మాటలాడనిచ్చుట, నమ్మదగిన ఖైదీలకు శిక్షణ ఇచ్చి తోటివారిలో కృంగినవారిని కనిపెట్టించుట. ఈ కడపటిది చదివినప్పుడు నాకు న్యూగేట్‌లోని ఆ పండ్రెండుగురి గుంపులు జ్ఞాపకము వచ్చెను.

గోడలు, కిటికీలు సరిచేయుట ప్రభుత్వపు పని. అది తప్పక జరుగవలెను. క్షణికమైన నిరాశ గడచువరకు హాని చేతికి అందకుండిన చాలు, అనేకులు బ్రతుకుదురు. అయితే గోడ పలుకరింపదు. పలుకరించుట మన పని.

ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకొనవలెను. మన సుల్తాన్‌పూర్ చుట్టు కర్మాగారములు లేచినవి. గుండెకు వేయు స్టెంటులు కూడ ఇచ్చట తయారగుచున్నవి. పని కొరకు వచ్చిన యౌవనస్థులు అద్దె గదులలో నిండియున్నారు. అట్టివాడొకడు, మన ఆరాధనకు వచ్చుచుండినవాడు, ఒక కొట్లాట కేసులో రిమాండుకు పోయెను. సంఘమునకు చెడ్డపేరు వచ్చునని కొందరు పెద్దలనగా, నేనును మూడు వారములు ములాఖత్‌కు పోక జాగు చేసితిని. తుదకు పోయినప్పుడు అతడు చిక్కి సగమై యుండెను. మొదటి వారము బ్రతుకవలెనని తనకు లేదనియు, ప్రక్కవాడొకడు రాత్రులు మేలుకొని తనతో మాటలాడుచుండెననియు చెప్పెను. ఆ ప్రక్కవాడు క్రైస్తవుడు కాడు. పౌలు వేయవలసిన కేక అతడు వేసెను. పాదిరినైన నేను ఇంటిలో ఉంటిని.

చెరలో పడినవానికి మొదటి దినములే మిక్కిలి అపాయకరమైనవి. మన జైళ్లలో నలుగురిలో ముగ్గురు ఇంకను తీర్పు పొందని విచారణ ఖైదీలేయని 2022 లెక్కలు తెలుపుచున్నవి. కావున సంఘస్థులారా, మనవారిలో ఎవరైనను జైలుకు పోయినయెడల మొదటి వారములోనే ఇద్దరు పోయి చూడవలెను. అతడు పూర్వము మనస్సు కృంగి మందులు వాడినవాడైనచో ఆ సంగతిని జైలు వైద్యునికి వ్రాసి యియ్యవలెను. ఇంటివారిని వెలివేయక, వారి గుమ్మము త్రొక్కవలెను. పదునెనిమిదేండ్లు నిండనివానిని జైలులో గాని లాకప్పులో గాని ఉంచరాదని 2015 చట్టము చెప్పుచున్నది. అట్లు జరిగిన వెంటనే వకీలుకు తెలుపవలెను. బయటనున్నవారిలో ఎవరికైనను చావు తలంపులు వచ్చినచో 14416 అను టెలి మానస్ నంబరునకు రాత్రింబగళ్లు ఫోను చేయవచ్చును, అది ఉచితము. నా గడప కూడ తెరచియే యున్నది.

ప్రార్థన: చెరలోనివారిని మరువని ప్రభువా, జాగు చేసిన మా పాపమును క్షమించుము. ఈ రాత్రి తాళము వెనుక ఒంటరిగా మేలుకొనియున్న ప్రతి యౌవనస్థుని యొద్దకు ఒక స్వరమును పంపుము. ఆ స్వరము మాదైయుండునట్లు మమ్మును లేపుము. ఆమేన్.