తలలో నీటిత్రోవ వెదకిన వైద్యుడు

పసిబిడ్డ తల దినదినము పెద్దదగుచు, కనుగ్రుడ్లు క్రిందికి వ్రాలిపోవుచుండగా చూచుచున్న తల్లి దుఃఖము చెప్పనలవి కాదు. తలలో నీరు చేరుటవలన కలుగు వ్యాధి ఇది. ఆ నీరు ఎచ్చట ఊరునో, ఏల నిలిచిపోవునో నూరేండ్లకు పూర్వము వైద్యులకు సహితము స్పష్టముగా తెలియదు. దానిని వెదకిన వాల్టర్ డాండీగారిని గూర్చి ఈ మాసము వ్రాయుచున్నాము.

ఆయన 1886 ఏప్రిల్ 6వ తేదీన అమెరికాలోని సెడాలియా పట్టణములో జన్మించిరి. తండ్రి రైలింజను నడుపువాడు. 1910లో బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్సునందు వైద్యవిద్య ముగించి, కడవరకు అచ్చటనే పనిచేసిరి.

కత్తి పట్టకముందే కారణము తెలియవలెనని ఆయన పట్టుదల. బ్లాక్‌ఫాన్ అను పిల్లల వైద్యునితో కలిసి, కుక్క మెదడులోని సన్నని కాలువను మూసి చూచిరి. దానికి ఎగువనున్న గదులు నీటితో ఉబ్బినవి. ఈ ఫలితమును 1913లో ప్రకటించిరి. చేలకు నీరు పెట్టు మన రైతులకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు. బోదె పూడి, పైనుండి నీరు వచ్చుచునే యున్నచో గట్టు నిలుచునా? 1918లో ఆ గదులలోనికి గాలి నింపి, ఎక్స్‌రే పటములో వాటి ఆకారము కనబడునట్లు చేసిరి.

ఆ యేటనే, నీరు ఊరు రక్తనాళముల కుచ్చును తీసివేయు శస్త్రచికిత్సను గూర్చి ప్రకటించిరి. నలుగురు పసివారిలో ఒక్క బిడ్డయే బ్రదికెను. ఈ సంగతి విడిచి ఆయనను పొగడుట మాకిష్టము లేదు. ఆయనయు దానిని దాచలేదు. 1922లో మరియొక త్రోవ చూపిరి: మెదడులోని మూడవ గదికి రంధ్రము చేసి నీటిని వెలుపలికి విడుచుట. అదియు ఆ దినములలో మిక్కిలి అపాయకరమే. గురువైన కుషింగుగారితో ఆయనకు పొసగలేదు. ఆ తగవు ఇచ్చట మనకు వద్దు. 1946 ఏప్రిల్ 19వ తేదీన గుండెజబ్బుతో మరణించిరి.

తరువాతి దశాబ్దములలో, నీటిని శరీరములో వేరొక చోటికి మళ్లించు కవాటపు గొట్టము వచ్చెను. డాండీగారి పద్ధతులు మూలబడెను. కాని గొట్టము పూడిపోవచ్చును. పూడినచో బిడ్డను వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. దూరపు పల్లెలోని తల్లి ఏమి చేయగలదు? ఈ చిక్కును చూచియే ఉగాండాలోని ఎంబాలె పట్టణములో బెంజమిన్ వార్ఫ్ అను వైద్యుడు ఆ పాత పద్ధతులు రెంటిని కలిపిరి. సన్నని దుర్భిణి గొట్టముతో లోనికి చూచుచు రంధ్రము చేసి, నీరూరు కుచ్చును కాల్చిరి. 2005లో ఆయన ప్రకటించిన లెక్కనుబట్టి, యేడాది నిండని బిడ్డలలో రంధ్రము మాత్రమే చేసినప్పుడు నూటికి 47 మందికిని, రెండును చేసినప్పుడు 66 మందికిని కవాటపు గొట్టము అక్కరలేకపోయెను.