గుండు నడచిన త్రోవ: బెంజమిన్ రాబిన్సు

గురి తప్పినపుడు తప్పు చేతిదా, ఆయుధముదా అను తగవు మిక్కిలి పాతది. ద్రోణుడు శిష్యులను పరీక్షించునపుడు చెట్టుమీది పక్షిని చూపి వారి దృష్టినే శోధించెను గాని, వింటిని శోధింపలేదు. తుపాకి వచ్చిన తరువాత గూడ లోకము చిరకాలము ద్రోణుని త్రోవనే నడచినది. గుండు ఎడముగా పడినచో సిపాయి చేయి వణకినదనిరి, లేదా మందు చెమ్మగిల్లినదనిరి. ఆ సిపాయిని ప్రక్కకు తప్పించి, తుపాకిని కదలకుండ బిగించి, అప్పుడు గుండు ఎచట పడునో చూచిన గణితజ్ఞుడు బెంజమిన్ రాబిన్సు. ఆయన ఆయువు తీరినది మన తూర్పుతీరముననే, కడలూరు చెంతనున్న సెంట్ డేవిడ్ కోటలో.

రాబిన్సు 1707లో ఇంగ్లండులోని బాత్ పట్టణమున ఒక పేద క్వేకరు కుటుంబమున జన్మించెను. ఆయుధము పట్టుటయే పాపమని నమ్ము మతశాఖ అది. ఆ యింట పుట్టినవాడు ఫిరంగిశాస్త్రమునకు మూలపురుషుడగుట విధి వినోదమే యనవలెను. విశ్వవిద్యాలయమున చదువుకొను భాగ్యము ఆయనకు కలుగలేదు. లండను చేరి, న్యూటను ప్రిన్సిపియా మూడవ కూర్పును సిద్ధపరచుచుండిన పెంబర్టను ఆదరణ పొంది, గణితమున ఆరితేరెను. 1727లో, ఇరువదియేండ్ల ప్రాయముననే, రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1735లో, న్యూటను గణితపద్ధతిపై బిషప్ బర్క్లీ చేసిన ఆక్షేపణలకు సమాధానము వ్రాసెను. పాఠములు చెప్పి జీవించుచు, ఆ కూర్చుండు వృత్తి సరిపడక వంతెనలు, రేవులు, కోటలు మొదలగు నిర్మాణములవైపు మరలెను.

1741లో వూలిచ్‌లో సైనిక విద్యాలయము నెలకొల్పబడెను. అచటి ఆచార్యపదవికి రాబిన్సు ప్రయత్నించెను. అది వేరొకరికి దక్కెను. ఆ విద్యాలయము పోగొట్టుకొన్నది లోకమునకు లభించినది. మరుసటి సంవత్సరమే ఆయన ఫిరంగివిద్యా నూతనసూత్రములను గ్రంథముగా ప్రకటించెను.

అందలి ముఖ్యసాధనము ఒక లోలకము. బరువైన చెక్కదిమ్మెను ఊయలవలె వ్రేలాడదీసి దానిపై తుపాకి కాల్చెను. దిమ్మె ఎంత ఊగినదో, దానివెంట జారివచ్చిన పట్టీ పొడవు తెలుపును. ఆ ఊపునుబట్టి, రెండింటి బరువులనుబట్టి, గుండు వేగమును లెక్కగట్టెను. ముప్పాతిక అంగుళపు సీసపుగుండు సెకనుకు సుమారు 1,700 అడుగుల వేగముతో గొట్టము విడుచునని తేలెను. కంటికి కనబడని వేగమును ఒక చెక్కదిమ్మె కొలిచినది! అంతకుమించిన వింత, గాలి సంగతి. గుండును గాలి అంతగా అడ్డదని నాటి పండితులు తలచుచుండగా, వేగముగ పోవు ఫిరంగిగుండును గాలి దాని బరువునకు ఎన్నో రెట్ల బలముతో వెనుకకు నెట్టునని ఆయన నిరూపించెను. ధ్వనివేగమును సమీపించునపుడు ఆ అడ్డు ఒక్కమారుగా పెరుగుననియు గ్రహించెను.

ఇక గురి మాట. గొట్టమును బిగించి కాల్చినపుడు, దగ్గరనున్న చిన్న పలకకు దాదాపు ప్రతి గుండును తగిలెను. దూరము వందలకొలది గజములకు పెరిగినప్పుడు, అదే గొట్టమునుండి వెడలిన గుండ్లు కుడికో యెడమకో పదులకొలది గజములు తొలగిపోయెను. గొట్టము కదలలేదు, చేయి లేనేలేదు. కావున దోషము గుండు గమనములోనే యున్నది. గొట్టపు గోడను రాచుకొనుచు వచ్చు గుండు గిరగిర తిరుగును; ఆ తిరుగుడు ఒక్కొక్క వేటుకు ఒక్కొక్క దిక్కుగ నుండును; దానినిబట్టి గాలి దానిని ప్రక్కకు నెట్టును.

ఊహ చెప్పి ఊరకుండు స్వభావము కాదు ఆయనది. ఒక తుపాకిగొట్టపు కొనను ఎడమకు వంచి, ఎదుట పలుచని కాగితపు తెరలు వరుసగా కట్టెను. వంగిన గొట్టములో గుండు కుడిగోడను రాచుకొని తిరుగును గనుక, మొదట ఎడమకు వెడలినను పిమ్మట కుడికి మరలవలెను. తెరలకు పడిన చిల్లులు సరిగా ఆ త్రోవనే చూపినవి. వంకర తుపాకితో తిన్నని సత్యమును సాధించుట యనగా ఇదియే.

1747లో రాయల్ సొసైటీలో రైఫిలును గూర్చి చదివిన వ్యాసమునకు ఈ ప్రయోగములే పునాది. లోపల మెలిచాళ్లు తీసిన తుపాకులు జర్మను వేటగాండ్రవద్ద అప్పటికే యుండెను. అవి ఏల గురి తప్పవో వారు ఎరుగరు. ఆ చాళ్లు గుండు తిరుగుడును దాని ప్రయాణదిశకే కట్టుబరచుననియు, ఈ మర్మము గ్రహించి రైఫిలును సమకూర్చుకొన్న రాజ్యము యుద్ధమున పైచేయి పొందుననియు ఆయన తెలిపెను. సైన్యములు ఆ మాట వినుటకు నూరేండ్లు పట్టెను.

నేటి గురిపోటీలలో ఆ పాత తగవే వేరొక వేషమున కనిపించుచున్నది. మందు పేలగానే గొట్టము మీటిన తీగవలె కంపించును. గుండు వెలువడు క్షణమున కొన యెటు ఊగుచుండునో, వేటుపై దాని ప్రభావము పడును. ఈ కంపము నణచుటకై గొట్టమునకు రబ్బరు కడియములు, ముందువెనుకలకు జరుపదగిన బరువులు తగిలించుచున్నారు. మేలు కలిగినదనువారును కలరు, తేడా లేదనువారును కలరు. మూడు గుండ్లు ఒక్కచోట పడినంతనే ఏ పక్షమును నెగ్గదు. అవి కాకతాళీయముగా గూడ అట్లు పడవచ్చును. తుపాకిని బిగించి, కడియముతో పలుమార్లు, కడియము లేక అన్నిమార్లు కాల్చి పోల్చుటయే రాబిన్సు పద్ధతి. ఒకటి మాత్రము నిశ్చయము: గొట్టపు వణకును అణచు సాధనము గుండులోని దోషమును మాన్పజాలదు.

1746లో రాయల్ సొసైటీ ఆయనకు కాప్లీ పతకము నొసగెను. అంతకు ముందేడు ఆయిలరు మహాశయుడు ఆ గ్రంథమును జర్మనులోనికి తెచ్చి, మూలమును మించిన వ్యాఖ్యను చేర్చెను. కాని గుండు తిరుగుడువలన ప్రక్కకు తొలగునను మాటను మాత్రము ఆయన అంగీకరింపక, గుండు సరిగా గుండ్రముగ లేకపోవుటయే కారణమనెను. ఈ వివాదమున పంతొమ్మిదవ శతాబ్ది రాబిన్సు పక్షమునే సమర్థించెను. అయినను ఆ ధర్మమునకు, 1852లో దానిని శోధించిన మాగ్నసు పేరే స్థిరపడెను. న్యాయమునకది రాబిన్సు పేరుతో నుండదగినది.

1746లో ఫ్రెంచివారి వశమైన మద్రాసు 1749లో ఇంగ్లీషు కంపెనీకి తిరిగి వచ్చెను. బలహీనమైన కోటలను బాగుచేయుటకు కంపెనీవారు రాబిన్సును ప్రధాన ఇంజనీరుగా నియమించిరి. ఆయన 1750 జూలైలో సెంట్ డేవిడ్ కోట చేరి, ఆ కోటకును మద్రాసు కోటకును పథకములు సిద్ధపరచెను. సెప్టెంబరులో జ్వరము తగిలెను. కోలుకొని మరల పనిలో దిగినను, ఇచటి ఎండకు ఆ దేహము నిలువలేదు. 1751 జూలై 29న, కంపెనీకి నివేదిక వ్రాయుచు, చేత కలముండగనే కన్నుమూసెను. వయస్సు నలువదినాలుగేండ్లు. ఆయన రచనలను విల్సను అను మిత్రుడు 1761లో ప్రకటించెను. ఆయన బాగుచేయవచ్చిన సెంట్ డేవిడ్ కోటను అంతకు మునుపే, 1758లో, ఫ్రెంచి సేనాని లాలీ పట్టుకొని నేలమట్టము చేసియుండెను.