వేటాడిన నవాబు

ధ్యానభాగము: లేవీయకాండము 17:13

విజయవాడ రోడ్డు మీదుగా హైదరాబాదు చేరువారికి ఎల్.బి. నగర్ రాకమునుపే, వనస్థలిపురమునొద్ద కంచె వెనుక విశాలమైన తుప్పల అడవి కనబడును. అది మహావీర్ హరిణ వనస్థలి. ఎల్.బి. నగర్‌లో బస్సు దిగి, మెట్రో రైలెక్కి దిల్‌సుఖ్‌నగర్ వైపు పోయినయెడల మొదట వచ్చు స్టేషను పేరు విక్టోరియా మెమోరియల్. ఆ అడవి ఒకప్పుడు నిజాము ప్రభువుల వేటభూమి. ఆ స్టేషనుకు పేరిచ్చినది, ఒక నిజాము తలిదండ్రులు లేని బిడ్డలకు విడిచిపెట్టిన భవనము. ఆయన మీర్ మహబూబ్ అలీ ఖాన్. మా ఊరినుండి పట్టణమునకు వచ్చినప్పుడెల్ల ఈ రెంటిని దాటి పోవుచు ఆయనను గూర్చి తలంచుచుందుము గనుక ఈ మాసము ఆయన జీవితమును వ్రాయుచున్నాము.

ఆయన 1866వ సంవత్సరము ఆగస్టులో జన్మించెను. తండ్రి అఫ్జలుద్దౌలా 1869లో చనిపోయినప్పుడు బాలునికి మూడేండ్లయినను నిండలేదు. ఆ వయస్సుననే ఆరవ నిజాముగా గద్దెమీద కూర్చుండబెట్టిరి. రాజ్యభారమును సాలార్‌జంగు మొదలైన పెద్దలు మోసిరి. 1884 ఫిబ్రవరిలో వైస్రాయి రిప్పన్ ప్రభువు హైదరాబాదునకు వచ్చి పూర్ణాధికారమును అప్పగించెను. తండ్రిని ఎరుగని పసివాడు పదునెనిమిదేండ్లు నిండకమునుపే కోటిమందికి ప్రభువైనాడు. అనాథ బిడ్డలయెడల తరువాత ఆయన చూపిన కనికరమునకు వేరు ఇక్కడనే ఉన్నదేమో.

ప్రజలు ఆయనను ప్రేమించిరి. పాలమూరు మహబూబ్‌నగర్ అయినది ఆయన పేరుననే. పాముకాటును బాగుచేయు శక్తి ఆయనకు కలదని జనులు నమ్మిరి. కాటు తిన్నవాడు ఎవడు వచ్చినను అర్ధరాత్రియైనను తన్ను నిద్ర లేపవలెనని ఆయన ఆజ్ఞాపించెనని పెద్దలు చెప్పుదురు. మంత్రమును మేము నమ్మము. బీదవాని కొరకు నిద్ర లేచిన దొరను మాత్రము గౌరవింతుము. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి పట్టణము మీద పడినప్పుడు సుమారు 15,000 మంది చనిపోయిరని అంచనా. అప్పుడు ఆయన తన నగరుల తలుపులు తెరచి, ఇల్లు కోల్పోయినవారికి చోటును అన్నమును ఇచ్చెను. విక్టోరియా రాణి 1901లో చనిపోగా ఆమె జ్ఞాపకార్థముగా సరూర్‌నగర్ భవనమును అనాథ బాలలకు విడిచిపెట్టినది కూడ ఈయనయే.

ఇట్టి మనుష్యునికి వేట అనిన ప్రాణము. ముప్పదికి పైగా పులులను తన తుపాకితో చంపెనని ప్రసిద్ధి. అందుచేతనే ఆయనకు తీస్ మార్ ఖాన్ అను పేరు కలిగెనని చెప్పుదురు. ఇప్పుడు మన పల్లెలలో గొప్పలు చెప్పుకొనువానిని ఎగతాళి చేయుటకు ఆ మాట వాడుచున్నాము.

ఆ కాలపు షికారు ఏలాగు జరిగెడిదో నేటి పిల్లలకు తెలియదు. పులి తిరుగు చోట గేదె దూడను కట్టివేయుదురు. రాత్రి పులి వచ్చి దానిని చంపినయెడల ఉదయమున కబురు పోవును. దొరలు మంచె మీదను ఏనుగు మీదను కూర్చుండగా, చుట్టుపట్ల పల్లెల జనులు డప్పులు కొట్టుచు, కేకలు వేయుచు, పొదలలోనుండి మృగమును వారి తుపాకులయెదుటికి తోలుదురు. ఈ తోలుట వెట్టిచాకిరిలో భాగము. ఆ డప్పు పట్టినవాని చేతిలో తుపాకి లేదు. గాయపడిన పులి వెనుకకు తిరిగినయెడల మొదట దానికి చిక్కువాడు అతడే. మన సంఘములలో ఉన్న అనేకుల తాతముత్తాతలు అట్టి డప్పు పట్టినవారే గనుక ఈ సంగతిని దాటిపోజాలము.

జింకల వేట మరియొక విధము. సివంగిని, అనగా చీతాను, కండ్లకు గంతలు కట్టి ఎడ్లబండి మీద జింకలమంద దగ్గరకు తీసికొనిపోయి, గంతలు విప్పి వదలుదురు. జింక ఎడ్లబండిని చూచి భయపడదు. అది ప్రతిదినము చూచునదే. ఆ నమ్మకమునే ఉరిగా చేసిరి. 1893 జనవరిలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండు నిజాము అతిథిగా వచ్చి ఈ వేటను చూచెను. 1914లో సరాయెవోలో కాల్చబడినవాడు ఈయనయే. తన జీవితకాలములో చంపిన ప్రాణులు 2,70,000కు పైగా ఉన్నట్లు ఆయన లెక్కలే చెప్పుచున్నవి. వేటాడబడిన కృష్ణజింకలు కొద్దిగానైనను మిగిలినవి గాని, వేటకు వాడబడిన సివంగి మన దేశములో నశించిపోయినదని 1952లో ప్రభుత్వమువారు ప్రకటించిరి. 2022లో నమీబియానుండి తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో అడవిలో విడువవలసి వచ్చెను.

నవాబు ఆస్థానములో లాలా దీన్‌దయాళ్ అను గొప్ప ఫోటోగ్రాఫరు ఉండెను. 1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు వరంగల్ ప్రాంతపు నెక్కొండ అడవిలో వేటాడగా తీసిన ఫోటో నేటికిని నిలిచియున్నది. దొర, దొరసాని నిలువబడియున్నారు. పులి నేల మీద పడియున్నది. ఆ పటమును చూచినప్పుడు లేవీయకాండములోని ఆజ్ఞ మాకు జ్ఞాపకము వచ్చెను. వేటాడి మృగమునుగాని పక్షినిగాని పట్టినవాడు దాని రక్తమును ఒలికించి మంటితో కప్పవలెనని ధర్మశాస్త్రము విధించినది. వేట వద్దనలేదు, ఆకలి గొన్నవాడు తినవచ్చును. అయినను వాడు తుపాకినో విల్లునో ప్రక్కన పెట్టి, వంగి, తన చేతులతో మన్నెత్తి ఆ ప్రాణము ఒలికినచోట పోయవలెను. ఆ ప్రాణము వానిది కాదు. వంగవలసినచోట దొర నిటారుగా నిలువబడి ఫోటో తీయించుకొనెను. మహబూబ్ అలీ ఖాన్ వేటయు ఇట్టిదే. ఆయన పులులలో మనుష్యులను పశువులను తినినవియు ఉండవచ్చును. అట్టిదానిని చంపుట కాపరి పని. అయితే ముప్పదిని ఎంచి పేరు పెట్టుకొనుట కాపరి పని కాదు.

ఆయన ఒక్కనినే తప్పుపట్టుట న్యాయము కాదు. ఆయనకు చదువు చెప్పిన ఆంగ్లేయుల దేశములో గుఱ్ఱములెక్కి, కుక్కలమందను వదలి నక్కను అలసి పడువరకు తరుముట పెద్దమనుష్యుల వినోదము. ఆ దేశములోనే 1822లో పశువులను క్రూరముగా కొట్టకూడదని చట్టము పుట్టెను. 1824లో ఆర్థర్ బ్రూమ్ అను పాదిరి లండనులో జీవకారుణ్య సంఘమును స్థాపించి, దాని అప్పులకై తానే చెరసాల పాలాయెను. అయితే ఆ తొలి చట్టము బండివానిని, పశువుల తోలువానిని పట్టుకొనెను. కుక్కలతో నక్కను వేటాడు దొరలను పట్టుకొను చట్టము 2004లో గాని రాలేదు. మనయొద్దను అంతే. 1972 వన్యప్రాణి చట్టము రాజులకును నల్లమల చెంచులకును సమానముగా వర్తించెను గాని, రాజు ఆటకు వేటాడెను, చెంచు కడుపుకు వేటాడెను.

మేము మాత్రము శుద్ధులమా? మా ఊరిలో ఒక క్రిస్మసుకు కుందేలు కూర పంపగా, ఎక్కడిదని అడుగక తిన్నవారమే. అడవిపందులు వేరుశనగ చేను తవ్విపోసినయెడల రైతు కన్నీరు మేమెరుగుదుము. అయితే గట్టు మీద కరెంటు తీగ కట్టి రాత్రి ఇంటికి పోవువాడు ఏ ప్రాణము పడునో చూడడు. ఆ తీగలకు మనుష్యులు కూడ చనిపోయిన వార్తలు మాటిమాటికి చదువుచున్నాము.

నవాబు 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమాలో నలువదియైదేండ్ల ప్రాయమున చనిపోయెను. మక్కా మసీదు ఆవరణములో ఆయనను పాతిపెట్టిరి. వేటభూమి కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చెను. 1975లో, వర్ధమాన మహావీరుని నిర్వాణమునకు 2,500 ఏండ్లు నిండిన సందర్భమున, 3,758 ఎకరముల ఆ నేలను కృష్ణజింకలకు ఆశ్రయముగా చేసి, ఏ ప్రాణిని హింసింపకూడదని బోధించిన ఆయన పేరు దానికి పెట్టిరి.

పోయిన వేసవిలో ఆదివారపు బడి పిల్లలను అక్కడికి తీసికొనిపోతిమి. ఎండకు జింకలు చెట్లనీడ చేరినవి. మమ్మును చూచి తలలెత్తెను గాని పరుగెత్తలేదు. తిరిగి వచ్చునప్పుడు మెట్రోలో స్టేషను పేరు విని, ఆ భవనము కథ పిల్లలకు చెప్పితిమి. పులులను చంపిన నవాబు, పిల్లలకు ఇల్లిచ్చిన నవాబు ఒక్కడేనా అని ఒక చిన్నవాడు అడిగెను. ఒక్కడే అంటిమి. దిల్‌సుఖ్‌నగర్ వచ్చువరకు వాడు కిటికీలోనుండి వెనుకకే చూచుచుండెను.