రోనాల్డ్ రాస్

సర్ రోనాల్డ్ రాస్ (మే 13, 1857 - సెప్టెంబరు 16, 1932) మలేరియా దోమల ద్వారా వ్యాపిస్తుందని నిరూపించిన బ్రిటిషు వైద్యుడు. ఇతని పరిశోధనలో కీలకమైన ఘట్టం సికింద్రాబాదులో జరిగింది. 1902లో ఇతనికి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

బాల్యము, విద్య

రాస్ హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించాడు. తండ్రి సైనికాధికారి. రాస్‌కు కవిత్వం, సంగీతం, గణితాలపై మక్కువ ఉన్నా, తండ్రి కోరిక మేరకు లండనులో వైద్యవిద్య అభ్యసించాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేశాడు. తరువాత సెలవుపై ఇంగ్లాండు వెళ్ళి ప్రజారోగ్యంలో డిప్లొమా పొందాడు.

పరిశోధన

మలేరియాకు చిత్తడి నేలల దుర్వాయువే కారణమని పూర్వం నమ్మేవారు. 1880లో ఆల్ఫోన్స్ లావెరాన్ రోగుల రక్తంలో పరాన్నజీవిని కనుగొన్నాడు. అయితే అది ఒకరి నుండి మరొకరికి ఎలా చేరుతుందో తెలియలేదు. దోమలకు దీనితో సంబంధం ఉండవచ్చునని 1894లో పాట్రిక్ మాన్సన్ రాస్‌కు సూచించాడు.

1895లో సికింద్రాబాదు చేరిన రాస్, రోగులను కుట్టిన దోమలను కోసి సూక్ష్మదర్శినితో పరీక్షించసాగాడు. ఆ దోమలు ఎక్కువగా మలేరియాను మోయని జాతులకు చెందినవి కావడంతో రెండేళ్ళపాటు ఫలితం కనబడలేదు. మధ్యలో కలరా నివారణ పనిపై అతడిని బెంగుళూరుకు పంపారు. చివరకు 1897 ఆగస్టు 20న ఒక ఎనాఫిలిస్ దోమ జీర్ణాశయపు గోడలో పరాన్నజీవి దశను కనుగొన్నాడు. మరుసటి నెలలోనే మలేరియా అరుదుగా ఉండే రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ కావడంతో పని ఆగిపోయింది.

1898లో కలకత్తాలో, రోగులు దొరకడం కష్టమై, పక్షులకు వచ్చే మలేరియాపై పరిశోధించాడు. పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటు ద్వారా ఆరోగ్యమైన పక్షులకు సోకుతుందని నిరూపించాడు. మనుషుల మలేరియా ఎనాఫిలిస్ దోమల ద్వారా సోకుతుందని అదే సంవత్సరం ఇటలీలో గ్రాసీ బృందం చూపింది. ఈ ఘనత ఎవరిదనే వివాదం చాలాకాలం సాగింది.

నివారణ కృషి

1899లో భారతదేశం విడిచి, లివర్‌పూల్‌లోని ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరాడు. సియెర్రా లియోన్, సూయజ్ కాలువ తీరాన ఉన్న ఇస్మాయిలియా, మారిషస్‌లలో దోమల నివారణకు కృషి చేశాడు. దోమలన్నిటినీ నిర్మూలించడం అసాధ్యమని, కనుక ఈ ప్రయత్నం వృథా అని విమర్శకులు వాదించారు. దోమల సంఖ్యను ఒక హద్దు కంటే తగ్గించగలిగితే చాలునని, అప్పుడు వ్యాధి దానంతటదే క్షీణిస్తుందని రాస్ 1910లో ప్రచురించిన గ్రంథంలో గణితం ద్వారా వివరించాడు. అంటురోగాల వ్యాప్తిని గణితంతో అంచనా వేసే శాస్త్రానికి ఇది ఒక పునాది అయింది.

మరణము, స్మారకాలు

1926లో తన పేరిట లండనులో నెలకొల్పిన సంస్థలోనే 1932లో మరణించాడు. కోరంటి ఆసుపత్రిగా ప్రసిద్ధమైన హైదరాబాదు నల్లకుంటలోని అంటువ్యాధుల వైద్యశాలకు ఇతని పేరు పెట్టారు. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తారు.