సూర్యుడి గుట్టు విప్పేందుకు జీవితమంతా.. ఎవరీ వైను బప్పు? గౌరీబిదనూరుతో లింకేంటి?

ఎండ గురించి అనంతపురం వాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ ఆ సూర్యుడి రేడియో సంకేతాలు వినే టెలిస్కోప్ ఒకటి పక్కనే ఉందని చాలామందికి తెలీదు. హిందూపురం నుంచి బెంగళూరు రైలెక్కితే కర్ణాటకలోకి అడుగుపెట్టగానే గౌరీబిదనూరు వస్తుంది. అది ఆ ఊరి దగ్గరే ఉంది. గోపురం, అద్దాలు ఏమీ ఉండవు. ఇంగ్లిష్ టీ అక్షరం ఆకారంలో నేల మీద వరసగా పేర్చిన 1,000 యాంటెన్నాలు, అంతే. 1976లో దీన్ని ఏర్పాటు చేసిన రెండు సంస్థల్లో ఒకటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్. ఆ సంస్థను కట్టి నిలబెట్టిన మనిషే వైను బప్పు.

బప్పు 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టారు. కుటుంబానిది కేరళ. పెరిగింది మాత్రం హైదరాబాద్‌లోనే. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో ఉద్యోగి కావడంతో పిల్లాడికి టెలిస్కోపులు ఇంట్లో వస్తువుల్లాంటివే. నిజాం కాలేజీలో చదువు, హైదరాబాద్ రాష్ట్ర స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ ప్రయాణం. అక్కడ 1949లోనే ఒక తోకచుక్కను కనిపెట్టారు. దానికి మరో ఇద్దరితో పాటు ఆయన పేరూ పెట్టారు.

అసలు పేరు తెచ్చింది 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి చేసిన పని. నక్షత్రపు కాంతిలో కాల్షియం గీత ఎంత వెడల్పుగా ఉందో చూస్తే, ఆ నక్షత్రం నిజంగా ఎంత ప్రకాశవంతమైందో చెప్పొచ్చు. అది తెలిస్తే దూరమూ తెలుస్తుంది. దీన్నే విల్సన్-బప్పు ఎఫెక్ట్ అంటారు.

సూర్యుడి మీద ఈ కాల్షియం కాంతి బాగా మెరిసేది అయస్కాంత క్షేత్రం బలంగా ఉన్నచోటే. 1960లో కొడైకెనాల్ అబ్జర్వేటరీ డైరెక్టర్ అయ్యాక బప్పు ఏళ్ల తరబడి ఆ మెరుపుల వెంటే పడ్డారు.

ఎందుకంత పట్టుదల? సూర్యుడి మీద ఎదురెదురు దిశల్లో ఉన్న అయస్కాంత రేఖలు దగ్గరకు నొక్కుకుంటే వాటి మధ్య పల్చటి పొరలా విద్యుత్ ప్రవహిస్తుంది. దాని పేరే కరెంట్ షీట్. అక్కడ రేఖలు తెగి, కొత్తగా అతుక్కుంటాయి. సాగదీసిన రబ్బరు వదిలినట్టు, అప్పటిదాకా దాచుకున్న శక్తి ఒక్కసారిగా బయటపడుతుంది. సౌర జ్వాలలు పుట్టేది ఇలాగే. అప్పుడు దూసుకొచ్చే ఎలక్ట్రాన్ల వల్ల వెలువడే రేడియో తరంగాలను గౌరీబిదనూరులో పట్టుకోవచ్చు.

1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం గుర్తుందా? మన అమ్మమ్మలు తలుపులేసుకుని ఇళ్లలోనే ఉండిపోయిన రోజది! అదే రోజు బప్పు బృందం రాయచూరు జిల్లా జవలగెరలో కెమెరాలు పెట్టుకుని కూర్చుంది. చంద్రుడి చుట్టూ కనిపించే తెల్లటి కరోనా అయస్కాంత క్షేత్రం ఎలా మలిస్తే అలా సాగుతుంది. ఆ చారల కొసల్లోనూ కరెంట్ షీట్లే.

1979లో ఆయన అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యారు. ఆ పదవిలో ఉండగానే, 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో కన్నుమూశారు. అప్పటికి 55 ఏళ్లే. దేశంలోనే తయారు చేయించాలని పట్టుబట్టిన 2.34 మీటర్ల టెలిస్కోప్ ఇంకా పూర్తికాలేదు. అందులోంచి ఒక్కసారైనా ఆకాశం చూసే అవకాశం ఆయనకు దక్కలేదు. 1986 జనవరిలో తమిళనాడులోని కావలూరులో దానికి ఆయన పేరే పెట్టారు.

గౌరీబిదనూరులో మాత్రం 1997లో సూర్యుడి కోసమే ఇంకో రేడియో యాంటెన్నాల వరస వచ్చింది. కరోనా ఫొటోలు తీయడానికి దానికి గ్రహణంతో పనిలేదు.