పొగమంచును పట్టిన కుంచె

నీటిరంగులతో చిత్రించువానికి పొగమంచు కఠినమైన పరీక్ష. కొండను కొండగా చూపుట అభ్యాసమున అలవడును. సగము మరుగుపడిన కొండను చూపుటకు వేఱొక చూపు కావలెను. ఆంగ్లదేశమున ఆ చూపును సాధించిన వారిలో మొదట చెప్పదగినవాడు థామస్ గర్టిన్. ఆతడు బ్రతికినది ఇరువదియేడేండ్లే.

గర్టిన్ 1775 ఫిబ్రవరి 18న లండనులోని సదర్క్‌లో జన్మించెను. తండ్రి కుంచెలు చేయువాడు. కుమారుని బాల్యముననే గతించెను. 1789లో గర్టిన్ ఎడ్వర్డ్ డేయ్స్ అను చిత్రకారునికడ శిష్యుడుగా చేరెను. పిదప డాక్టర్ థామస్ మన్రో అను కళాభిమాని యింట సుమారు మూడేండ్లు సాయంకాలములు పనిచేసెను. తోడివాడు అదే యేట పుట్టిన టర్నర్. ఆరు గంటలు మొదలు పది వరకు ఇరువురును పూర్వచిత్రములకు ప్రతులు తీయుచుండిరి. గర్టిన్ రేఖలు గీయగా టర్నర్ పూతలు వేసెడివాడు. రంగులు నేర్చు అవకాశము తనకు తక్కువయ్యెనని గర్టిన్ నొచ్చుకొనెనని చెప్పుదురు.

ఆ లోటును ఆతడు దేశాటనమున తీర్చుకొనెను. 1796లో ఉత్తర ఇంగ్లండు, స్కాట్లండు ప్రాంతములు తిరిగెను. అంతవరకు నీటిరంగు దృశ్యమనగా ముందు బూడిదవన్నెతో వెలుగునీడలు తీర్చి, పైన పలుచగా రంగులద్దుటయే. గర్టిన్ ఆ బూడిదపూత విడిచి నేరుగా రంగులనే వాడెను. గరుకు కాగితముపై తడిపూతలు పఱచి, దూరపుగట్టు తన అంచును కోల్పోయి ఆకాశమున కలియునట్లు చేసెను.

చరిత్రఘట్టములకే గౌరవముండి, ప్రకృతిదృశ్యమునకు తక్కువ పీట వేసిన కాలమది. 1799 మే 20వ తేదీ సోమవారమునాడు కొందరు యువచిత్రకారులు రాబర్ట్ కెర్ పోర్టర్ గదిలో సమావేశమైరి. ఒకప్పుడు సర్ జాషువా రేనాల్డ్స్ చిత్రములు వ్రాసిన గదియే అది. తమకు ‘సోదరులు’ అని పేరు పెట్టుకొనిరి. లూయీ ఫ్రాన్షియా కార్యదర్శి. వంతులవారీగా ఒక్కొక్కరి యింట కలిసికొని, ఒక కవితాభాగమును చదివి, అందఱును దానినే దృశ్యముగా చిత్రించుచుండిరి. ఆతిథ్యమిచ్చువాడు కాగితము, రంగులు సమకూర్చును. చిత్రములు ఆతనికే దక్కును. ఒకే పద్యమునుండి ఇన్ని ఆకాశములు పుట్టుట చూచి ఒకరినుండి యొకరు నేర్చుకొనిరి. ఊరి ఆనవాలు తెలుపుటకే కాక, మనోభావమును పలికించుటకును దృశ్యచిత్రము చాలునని నిరూపించుటయే వారి పట్టుదల.

ఆ పట్టుదల ఫలించిన చిత్రము 1800లో గర్టిన్ వ్రాసిన ‘చెల్సీలోని తెల్లయిల్లు’. విశాలమైన థేమ్స్ నది, సంధ్యాకాశము, ఆవలి యొడ్డున ఒక చిన్న తెల్లని యిల్లు, నీటిలో దాని నీడ. ఇంతకుమించి కథ లేదు. ఆ పిసరంత తెలుపే చుట్టునున్న మసక వెలుతురునంతను నిలుపుచున్నది. ఆ చిత్రము నేడు లండనులోని టేట్ చిత్రశాలలో నున్నది.

ఆ యేడే ఆతనికి వివాహమైనది. కాని ఊపిరితిత్తుల వ్యాధి వెంటాడుచుండెను. 1801 నవంబరున పారిస్ వెళ్లి, మరునాటి వేసవికి ముందే తిరిగివచ్చెను. 1802లో 1,944 చదరపు అడుగుల వర్తులచిత్రమున లండను నగరమంతటిని ప్రదర్శించెను. ఆ నవంబరు 9న మరణించెను. టర్నర్ 1851 వరకు జీవించి, కీర్తిశిఖరము నెక్కెను. గర్టిన్ ప్రతిభను మాత్రము తుదివఱకు గౌరవించెనందురు.

గర్టిన్ వాడిన నీలిమందు వెలుతురు సోకిన వెలిసిపోవునది. పెక్కు చిత్రములలో ఆతని బూడిదనీలి మేఘములు నేడు ఎఱ్ఱబారినవి. అందుచే చిత్రశాలలవారు వానిని మందమైన వెలుతురున కొలదికాలము చూపి, తిరిగి చీకటిలో భద్రపరచుచున్నారు. తిరిగి వెలికి తీసినపుడు ఆ తెల్లయిల్లు మాత్రము చెక్కుచెదరక నదిలో తన నీడను చూచుకొనుచుండును.