అమ్మానాన్నలను హోమ్‌లో చేర్చుతున్నారా? దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం చెప్పే విషయం ఇదీ

మంచాన పడ్డ అమ్మనో నాన్ననో చూసుకునే హోమ్ కోసం నాదర్‌గుల్ వైపు వెతుకుతున్నారా? గది, గాలి, భోజనం అన్నీ చూసే ఉంటారు. మరి రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారో, వాళ్లు ఏం చదివారో అడిగారా? ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం చూస్తే అర్థమవుతుంది.

ఆమె 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ బంధం నుంచి బయటికొచ్చారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. ఆగిన చదువును మళ్లీ మొదలుపెట్టి, ప్రైవేటుగా మెట్రిక్ రాసి, లా దాకా పూర్తి చేశారు.

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. తనలాగే చదువు ఆగిన ఆడవాళ్లను మెట్రిక్‌కు సిద్ధం చేశారు. తర్వాత సభ నర్సింగ్ హోమ్ పెట్టింది, నర్సులకు శిక్షణా ఇచ్చింది. మన విద్యానగర్‌లోని దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆసుపత్రి ఈ సభదే.

రాజ్యాంగ సభలో, ప్రణాళికా సంఘంలో పనిచేసిన ఆమె, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి ఛైర్‌పర్సన్ అయ్యారు. పల్లెల్లో సేవలకు నర్సులు, టీచర్లు కావాలి. శిక్షణలో చేరదామంటే చాలామంది ఆడవాళ్లకు కనీస చదువే లేదు. అందుకే 1958లో బోర్డు తక్కువ కాలంలో పరీక్ష రాయించే కండెన్స్‌డ్ కోర్సులు తెచ్చింది. ముందు మనిషిని తయారు చేయాలి, అప్పుడే సేవ అందుతుందన్నది ఆమె పని తీరు. 1981 మే 9న కన్నుమూశారు.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. ఏఎన్ఎం రెండేళ్ల కోర్సు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. కేర్‌టేకర్ అంటే నర్సు కాదు. అడ్వాన్స్ కట్టే ముందు ఇవి అడగండి:

• నర్సుకు కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా?
• రాత్రి ఒక్కో మనిషి ఎంతమందిని చూస్తారు?
• మంచాన ఉన్నవాళ్లను పుండ్లు పడకుండా ఎంతసేపటికోసారి పక్కకు తిప్పుతారు? రాసి పెడతారా?
• మందులు ఎవరిస్తారు?

వీలైతే ఓసారి రాత్రి పూట వెళ్లి చూడండి. సాయం కావాలంటే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయొచ్చు.